ఇంటి గాదె : రైతు కుటుంబము తన తిండిని తానే పండించి నిలువ చేసికొను విధము

పంట చేతికి వచ్చిన నెలలో ధాన్యమునంతయు అమ్మి, ఆషాఢము నాటికి అదే ధాన్యమును హెచ్చు వెల యిచ్చి కొనుచున్న రైతు కుటుంబములు మన గ్రామములలో తక్కువ కాదు. కోతకాలమున అందరును ఒక్కమారే అమ్మజూచుటచే ధర దిగును. విత్తుకాలమున అందరికిని గింజలు కావలసియుండుటచే ధర ఎక్కును. ఈ రెంటి నడుమ పోవునది రైతు కష్టార్జితమే. ఆ సమయమునకు చేత రొక్కము లేని యెడల అప్పు, అప్పునకు వడ్డీ, వడ్డీకి మరుసటి యేటి పంట. భూమి గలవాడు తిండి కొరకు అప్పు చేయుట మొదలుపెట్టిన నాడు ఆ భూమి నిలుచుట దుర్ఘటము.

ప్రతి సంవత్సరము పహాణీలలో ఏ సర్వే నెంబరునందు ఏ పైరు వేయబడినదో వ్రాయుచు వచ్చిరి. కాని ఆ పైరులో ఎంత ఇంటివారి కడుపునకు చేరినదో ఏ దస్తావేజునందును వ్రాయబడలేదు. ఆ లెక్క రైతే వ్రాసికొనవలెను. ఈ కరపత్రమున చెప్పదలచినది ఒక్కటే: మొదట ఇంటికి కావలసిన తిండిని లెక్కించి, దానికి నేల విడిచి, దానిని చెడకుండ దాచి, పిమ్మట మిగిలిన నేలలో అమ్మకపు పైరులు వేయవలెను. ప్రత్తి వలదనియు మిరప వలదనియు చెప్పుట మా అభిప్రాయము కాదు. ఆ పైరులు పోయిన యేడు కూడ ఇంట పొయ్యి వెలుగవలెనని మాత్రమే మా మనవి. 1997–98 సంవత్సరమున వరంగల్లు ప్రాంతమున ప్రత్తి పైరు పురుగు వలన నాశనమైనప్పుడు, అప్పుల భారము మోయలేక అనేకులు రైతులు ప్రాణములు తీసికొనిరి. అమ్మకపు పైరు ఒక్కదానినే నమ్మిన యింటికి ఆ పైరు పోయిన యెడల రెండవ ఆధారముండదు.

1. ఇంటి తిండి లెక్క

అయిదుగురు గల ఒక కుటుంబమును ఉదాహరణముగా తీసికొందము: దంపతులు, ముసలితల్లి, ఇద్దరు పిల్లలు. వీరికి దినమునకు అన్ని పూటలకు కలిపి బియ్యము, జొన్నలు మొదలగు గింజలు రెండు కిలోలు, పప్పు మూడువందల గ్రాములు, నూనె నూరు గ్రాములు అని యుంచుదము. ఏడాదికి గింజలు 730 కిలోలు, పప్పు సుమారు 110 కిలోలు, నూనె సుమారు 36 కిలోలు అగును.

గింజలలో సగము జొన్నలు, సగము బియ్యము అనుకొనిన యెడల జొన్నలు 365 కిలోలు, బియ్యము 365 కిలోలు కావలెను. ఈ బియ్యమునకు వడ్లు సుమారు 560 కిలోలు కావలెను. 110 కిలోల పప్పునకు కందులు 155 కిలోలకు తగ్గరాదు. నూనె గానుగలో ఆడించుటకు వేరుశనగ కాయలు సుమారు 130 కిలోలు కావలెను. వర్షాధారపు చేలలో జొన్న ఎకరమునకు అయిదు క్వింటాళ్లు, కంది మూడు క్వింటాళ్లు, వేరుశనగ అయిదు క్వింటాళ్లు, నీటివసతి గల మడిలో వడ్లు ఇరువది క్వింటాళ్లు అని మధ్యరకముగా లెక్కించిన యెడల, ఈ కుటుంబపు తిండికి కావలసిన నేల మొత్తము రెండెకరములు దాటదు. ఎవరి నేల స్వభావమును బట్టి వారు ఈ అంకెలను సవరించుకొనవలెను. విత్తనమునకును, చుట్టములకును, పండుగలకును మరికొంత కలుపుకొనవలెను. లెక్క తప్పిన యెడల నష్టము లేదు. లెక్కయే లేకుండుట నష్టము.

2. చేనిలో ఇంటి చెక్క

ఇంటి తిండికి విడిచిన నేలలో ఒకే పైరు వేయరాదు. జొన్న సాళ్ల నడుమ కంది సాళ్లు, చేని గట్ల వెంట ఆముదము, అక్కడక్కడ అనుములు, బొబ్బర్లు, పెసలు వేయుట మన పెద్దల పద్ధతి. ఇందు యుక్తి యున్నది. వాన ముందుగా నిలిచిపోయిన యెడల పెసలు చేతికి వచ్చును. ఆలస్యముగా కురిసిన యెడల కంది నిలుచును. పప్పుజాతి మొక్కల వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును గనుక మరుసటి పైరునకును మేలు కలుగును. జహీరాబాదు ప్రాంతమున 1983లో నెలకొనిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు చిన్న చెలకలలో అనేక విధముల గింజలను కలిపి విత్తుచు, తమ విత్తనములను తామే నిలుపుకొని పేరుగాంచిరి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటరు బహుమానము లభించినది. సేద్యపు నీరు లేని ఎర్ర చెలకలలో వారు చేయగలిగినది నీటివసతి గల రైతునకు అసాధ్యము కానేరదు.

3. పెరడు

కూరగాయలు, ఫలములు కలిపి ఒక్కొక్క పెద్దమనిషికి దినమునకు సుమారు అరకిలో యుండవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చెప్పుచున్నారు. మన గ్రామములలో ఇందులో సగము కూడ తినువారు అరుదు. పల్లెలో కూరగాయలు కొనితినుట కష్టము కాని, పెరట పెంచుట కష్టము కాదు. రెండు గుంటల స్థలము, అనగా 242 చదరపు గజములు, ఉన్న యెడల చాలును. అంత లేనివారు ఉన్నదానితోనే ప్రారంభింపవచ్చును.

స్థలమును ఆరేడు మడులుగా విభజించి, పదునైదు దినములకు ఒక మడి చొప్పున విత్తవలెను. అన్నియు ఒకే దినమున విత్తిన యెడల ఒక వారము కూర కుప్పలుగా వచ్చి, పిమ్మట నెలదినములు ఏమియు ఉండదు. తోటకూర మూడు నాలుగు వారములలో కోతకు వచ్చును. పుంటికూర, బచ్చలి, మెంతి, పాలకూర దాని వెంట నడుచును. కంచె మీదికి చిక్కుడు, పందిరి మీదికి బీర, పొట్ల, ఆనప, కాకర ఎక్కింపవలెను. వంగ, బెండ, టమాట, పచ్చిమిరప నడిమి మడులలో నుండవలెను. స్నానపు నీరు పారు చోట అరటియు, ఎండ బాగుగా తగులు మూలను బొప్పాయియు, బావి దాపున నిమ్మయు, ద్వారము వద్ద కరివేపయు ఒక్కొక్కటి నాటవలెను. మునగ చెట్టు ఒక్కటైనను లేని పెరడు ఉండరాదు. కాయలకై అందరును పెంచెదరు గాని, ఆకును పారవేసెదరు. పప్పులో వేసిన గుప్పెడు మునగాకు పిల్లల కండ్లకు మేలు చేయును. ఆకుకూరలు, బొప్పాయి, గుమ్మడి కొరవడిన యిండ్లలో పిల్లలకు రేచీకటి కలుగుచుండెడిది. దానిని నివారించుటకే 1970లో భారత ప్రభుత్వము విటమిను ఏ మందును పిల్లలకు పోయు పథకమును ప్రారంభించెను. పెరటి ఆకు ఈ కొరతను రానీయక ముందే ఆపును.

ప్రతి జాతిలోను మొదట కాచిన మంచి కాయను ఒకదానిని కోయక తీగెమీదనే ముదరనిచ్చి, దాని గింజలను నీడను ఆరబెట్టి, బూడిదలో కలిపి ముంతలో నుంచవలెను. మిగిలిపోయిన పిచ్చికాయను విత్తనమునకు విడుచుట అలవాటు. అట్లు చేసిన ఏటికేడు జాతి దిగజారును. అంగడిలో కొనిన సంకరజాతి విత్తనముల కాయల నుండి తీసిన గింజలు తల్లివలె కాయవు గనుక, పెరటికి నాటు రకములే మేలు.

4. పాడి, కోళ్లు

ఒక పాడిపశువు ఉన్న యింట మజ్జిగకు కొదవ యుండదు. పాలనన్నిటిని కేంద్రమునకు పోసి, పిల్లలకు నీళ్లటీ ఇచ్చుట పొరపాటు. ఇంటి పాలు ముందుగా కొలిచి తీసి పిమ్మట అమ్మవలెను. పాలు తప్పక కాగబెట్టవలెను. పేడయు, పెరటి చెత్తయు గుంటలో పొరలుగా వేసి మట్టి కప్పిన యెడల కొన్ని నెలలలో ఎరువు సిద్ధమగును.

నాలుగైదు నాటు కోళ్లు ఇంటి మెతుకులతోను పెరటి పురుగులతోను బ్రదుకును. వాని గ్రుడ్లు పిల్లలకును గర్భవతులకును మంచి ఆహారము. కొక్కెర తెగులు వచ్చిన యెడల గ్రామములోని కోళ్లన్నియు ఊడ్చుకొని పోవును గనుక, పశువైద్యశాలలో ఆ తెగులునకు టీకాలు వేయించవలెను. కోళ్లను రాత్రులు గూటిలో నుంచవలెను. పగలు ఆకుమడులపైకి రాకుండ ముళ్లకంప అడ్డము పెట్టవలెను.

5. ఎండబెట్టుట, నిలువ చేయుట

పండించుట సగము పని మాత్రమే. ఈ వ్యాసకర్త యింట ఒక యేడు నాలుగు బస్తాల కందులు వచ్చెను. మబ్బులు పట్టియుండుటచే రెండు దినములు మాత్రమే ఎండబెట్టి గదిలో మూటలు కట్టి పెట్టిరి. ఉగాది దాటిన పిమ్మట మూట విప్పగా గింజ గింజకు రంధ్రము. చేతిలో పట్టిన పిండి రాలెను. ఆ యేడు కందిపప్పు కొనితింటిమి. ఎవరో దొంగిలించినచో ఫిర్యాదు చేయుదుము. పురుగు తినినదానికి ఎవరిపై ఫిర్యాదు చేయవలెను?

ఆ పురుగు గదిలో పుట్టినది కాదు. అది చేనిలోనే కాయలపై గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు గింజలతో పాటు ఇంటికి వచ్చును. తేమ ఉన్న గింజలో అది త్వరగా పెరుగును. కాబట్టి ఈ క్రింది విషయములను గుర్తుంచుకొనవలెను.

గింజను తీవ్రమైన యెండలో పలుచగా పరచి మూడు నాలుగు దినములు ఎండబెట్టవలెను. పంటితో కొరికినప్పుడు టక్కున విరిగిన యెడల ఎండినట్లు. నొక్కుకొనిపోయిన యెడల ఎండనట్లు. ఎండిన గింజను వేడిమీదనే మూట కట్టక, చల్లారిన తరువాత గాదెలోనికి ఎత్తవలెను. లేనియెడల వేడికి చెమట పట్టి బూజు కలుగును.

కందులు, పెసలు, అనుములు కిలోకు ఒక చిన్నచెంచాడు, అనగా అయిదు మిల్లీలీటర్లు, ఆముదముగాని తినెడు నూనెగాని పట్టించి దాచిన యెడల పురుగు పెట్టిన గ్రుడ్లు పొదుగవు. ఈ పురుగు పగుళ్లు లేని నిండు గింజను కోరును. పప్పుగా పగులగొట్టినదాని జోలికి అంతగా పోదు. కాబట్టి ఏడాదికి కావలసిన కందులలో కొంత భాగమును మంచి యెండలున్నప్పుడే పప్పు చేసి యుంచుట మేలు.

గాదెను గాని గుమ్మిని గాని నేలమీద నుంచక రాళ్లపై గాని చెక్కపై గాని ఎత్తియుంచవలెను. గోడకు ఆనింపరాదు. కొత్త గింజ పోయుటకు ముందు పాత గింజను ఒక్కటియు మిగుల్చక ఊడ్చి, లోపల అలికి ఆరనీయవలెను. రోహిణి కార్తెలో ఒకమారు గింజలనన్నిటిని బయటికి తీసి ఎండబెట్టిన యెడల వానకాలము నిశ్చింతగా గడచును.

బూజు పట్టిన గింజను కడిగి తినవచ్చుననుకొనుట ప్రమాదము. వేరుశనగ, మొక్కజొన్నలపై పెరుగు ఒక విధమైన బూజు విషమును పుట్టించును. దానిని అఫ్లటాక్సినందురు. 1974లో రాజస్థాను, గుజరాతు రాష్ట్రములలో బూజు పట్టిన మొక్కజొన్నను తినినవారిలో నూరుమందికి పైగా మరణించిరి. ఉడికించినను ఆ విషము పూర్తిగా పోదు. ముడుచుకొనినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి అగు పల్లీలను ఏరి పారవేయవలెను. పశువునకు కూడ పెట్టరాదు. పాలలోనికి ఆ విషము దిగును.

పురుగుమందు పొడిని తిండిగింజలలో కలుపరాదు. పురుగుమందు డబ్బాలలో నూనెగాని, మందు సంచులలో గింజలుగాని ఎన్నడును పోయరాదు. 2013 జూలైలో బీహారులోని ఒక గ్రామ పాఠశాలలో పురుగుమందుతో కలుషితమైన నూనెతో వండిన భోజనమును తిని 23 మంది పిల్లలు మరణించిరి. కడిగితిమి గదా యని పురుగుమందు డబ్బాను నమ్మరాదు. వాడిన వెంటనే దానికి తూట్లు పొడిచి పనికిరాకుండ చేయవలెను.

6. దంపుట, విసరుట, వండుట

గాదె నిండుగా నున్న యింటివారు కూడ రోగగ్రస్తులగుట కలదు. కారణము గింజలో ఏమి పారవేయుచున్నామో తెలియకుండుట. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున ఉత్తర సర్కారు జిల్లాలలో మిల్లు బియ్యము తిను ప్రజలలో బెరిబెరి వ్యాధి వ్యాపించియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె బలహీనమై అనేకులు బాధపడిరి. కూనూరులోని పరిశోధనశాలలో మెకారిసను దొర మున్నగువారు దీనిని శోధించిరి. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. బియ్యపు గింజపై పొరలో ఉండు విటమిను బీ1 తవుడుతో పోవుటయే ఈ వ్యాధికి మూలమని నిర్ణయమైనది. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఈ వ్యాధి అరుదు. వడ్లను ఉడికించునప్పుడు ఆ సత్తువ గింజలోనికి ఇంకును గదా.

ఈనాడు రోకటిపోటు అందరికిని సాధ్యము కాదు. గ్రామపు మిల్లులోనే వడ్లు ఆడించునప్పుడు తెల్లగా పాలిషు పెట్టవద్దని చెప్పిన చాలును. బియ్యమును పలుమార్లు రుద్ది కడుగుటయు, గంజి వార్చి పారబోయుటయు మానవలెను. గంజి వార్చువారు దానిని పారబోయక ఉప్పువేసి త్రాగవలెను.

జొన్న తినువారికి వేరొక జాగ్రత్త కలదు. పప్పు, పాలు లేక కేవలము జొన్నరొట్టెయే తిని బ్రదికిన బీదవారిలో ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొలుసులూడు పెల్లాగ్రా అను వ్యాధిని హైదరాబాదు పరిశోధకులు 1960 ప్రాంతమున కనుగొని వివరించిరి. ఇది జొన్న దోషమని జొన్నను విడువరాదు; జొన్నయందు బలము కలదు. రొట్టెతో పప్పు, మజ్జిగ, పల్లీల పొడి, ఆకుకూర చేర్చిన యెడల ఈ కీడు రాదు. రొట్టె ఒక్కటి, పచ్చిమిరపకాయ ఒక్కటి అను భోజనము పేదరికమే గాని పొదుపు కాదు.

7. ఊరగాయలు, వరుగులు

ఎండకాలము కూరలు కరవగు కాలము. అందులకే మన గృహిణులు ముందు నెలలలో వంగ, దోస, చిక్కుడు, కాకర వరుగులు ఎండబెట్టుదురు. చల్లమిరపకాయలు, వడియములు చేయుదురు. చింతపండును గింజ, పీచు తీసి ఉప్పు చల్లి కుండలలో అదుముదురు. మామిడికాయ పుల్లగా, గట్టిగా ఉన్నప్పుడే ఆవకాయ పెట్టవలెను. ముక్కను కడిగిన తడి పూర్తిగా తుడువవలెను. ఉప్పు చాలినంత వేయవలెను. అది ముక్కలోని నీటిని పైకిలాగి చెడు క్రిములను పెరుగనీయదు. నూనె ముక్కపై తేలవలెను. గాలి తగిలిన చోటనే బూజు పుట్టును. జాడీలో తడి చేయి గాని, తడి గరిట గాని పెట్టరాదు. ఊరగాయ అన్నమునకు తోడు. కూరకు బదులు కాదు. రక్తపు పోటు గలవారు దానిని మితముగా తినవలెను.

8. పని పంచుకొనుట

పైన చెప్పినదంతయు గృహిణి ఒక్కతె మీద మోపిన యెడల ఆ పని రెండవ యేట నిలిచిపోవును. చేనిలో నాటుట, కలుపుతీయుట, వండుట, పిల్లలను సాకుట ఆమెయే చేయుచుండగా, పెరడును ఆమెకే అప్పగించుట న్యాయము కాదు. మడులు త్రవ్వుట, పందిరి వేయుట, ఎరువు మోయుట పురుషుని పని. నీరు పోయుట, కోళ్లను మూయుట బడినుండి వచ్చిన పిల్లల పని. గింజలు చెరుగుట, విత్తనము ఏరుట, ఎండలో పరచినదానిని కాపలా కాయుట ముసలివారి పని. విత్తనమును గుర్తించు నేర్పు వారికే కలదు, అది వారితో పోకుండ పిల్లలు ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలెను.

మొదటి యేడు అన్నియు ఒక్కమారే తలపెట్టరాదు. ఈ యేడు నాలుగు మడుల ఆకుకూరలు, ఒక మునగ చెట్టు, చేనిలో ఇంటికి సరిపడు కందులు – ఇవి చాలును. మరుసటి యేడు గింజలు, ఆపై యేడు నూనె. ఇంటి గోడపై ఒక కాగితమంటించి, ఏ నెలలో ఏ వస్తువు కొంటిమో, ఎంత యిచ్చితిమో వ్రాయవలెను. ఏడాది చివర ఆ జాబితాను చూచిన యెడల మరుసటి యేడు ఏమి పండింపవలెనో అదియే చెప్పును.

రైతు లోకమునకు అన్నము పెట్టువాడని అందరును పొగడుదురు. లోకమునకు పెట్టుటకు ముందు తన పిల్లల కంచములో పెట్టుట అతనికి తగిన పని; అందులకు కావలసిన నేలయు, ఎండయు, చేతులును అతని యింటనే కలవు. ఈ మృగశిర కార్తె రాకమునుపే, విత్తనములు కొనుటకు పట్నము పోకమునుపే, భార్యాభర్తలిరువురు కూర్చుండి ఇంటి తిండి లెక్క వ్రాసికొందురు గాక.